పాము గుర్తు తుపాకి

తెల్లవాళ్లు తుపాకులిచ్చారు, ఆదివాసులు పుచ్చుకున్నారు అని చదువుకున్నాం. ఉత్తర అమెరికా చరిత్ర అంతటితో ఆగదు.

18, 19 శతాబ్దాల్లో హడ్సన్ బే కంపెనీ బొచ్చుతోళ్లు తీసుకుని, క్రీ మొదలైన తెగలకు చెకుముకి రాయి తుపాకులు ఇచ్చేది. అక్కడి వేటగాళ్లు ఏది పడితే అది తీసుకోలేదు. అడవిలో మోయడానికి తేలికగా ఉండాలన్నారు. చలికి చేతితొడుగు వేసుకున్నా వేలు దూరేలా ట్రిగ్గర్ చుట్టూ కమ్మి పెద్దదిగా ఉండేది. పక్కన ఇత్తడి పాము బొమ్మ లేకపోతే వద్దనేవారు. వాళ్లకు అదే మంచి సరుకు గుర్తు. చివరికి ఇంగ్లండు పనివాళ్లు వాళ్లు కోరినట్టే చేశారు.

మన గొడ్డలి ఎంత బరువుండాలో కమ్మరికి చెప్పిందీ మన తాతలే. తయారుచేసినవారి పేరుతోపాటు, ఎలా ఉండాలో చెప్పినవారి తెలివినీ మన పిల్లలకు పాఠంగా చెబుదాం.