తుడుం దెబ్బ నుంచి ఫోన్ మోత దాకా

పిలవడానికి ఒక చప్పుడు, హెచ్చరించడానికి ఒక చప్పుడు, దుఃఖం తెలపడానికి ఒక చప్పుడు. ఇవి మన గోండు గూడేలకు ఫోన్ రాక ముందు నుంచే ఉన్నాయి. తుడుం మోగితే ఊరంతా చెవి అటే పెట్టేది. పెళ్లికి కొట్టే దెబ్బ వేరు, చావుకు కొట్టే దెబ్బ వేరు, దేవుని పనికి కొట్టేది వేరు. అడవిలో ఇప్పపువ్వు ఏరుకునే మనిషి కూడా ఆ వాయింపును బట్టి గూడేనికి ఎందుకు పిలుస్తున్నారో తెలుసుకునేవాడు. ఆదివాసీ హక్కుల పోరాట సమితి తన పేరుతో పాటు ‘తుడుం దెబ్బ’ అని పెట్టుకున్నది ఊరికే కాదు.

తర్వాత బయటి నుంచి వేరే చప్పుళ్లు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలో వేలాడదీసిన ఇనుప ముక్క గంటగా మోగి మన పిల్లల రోజును పీరియడ్లుగా కోసింది. ఆ చప్పుడుతోనే మేమూ చదువుకున్నాం, ఇప్పుడు అదే చప్పుడుతో చదువు చెబుతున్నాం.

ఫోన్ చరిత్ర చిన్నదే. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. అంతకు ముందు ఏడాదే నోకియా కంపెనీ 2110 అనే ఫోన్‌లో ఒక రాగం పెట్టింది. ఆ రాగం వాళ్లు కట్టింది కాదు. స్పెయిన్ దేశపు గిటార్ విద్వాంసుడు ఫ్రాన్సిస్కో తారెగా 1902లో రాసిన ‘గ్రాన్ వాల్స్’లోని చిన్న ముక్క అది. ఆయన 1909లోనే చనిపోయాడు. తర్వాత కంపెనీ ఆ ముక్కను తన ధ్వని గుర్తుగా రిజిస్టర్ చేయించుకున్నది. చప్పుడుకు కూడా పట్టా ఉంటుందని ఇక్కడ మనం గుర్తు పెట్టుకోవాలి. భూమి పట్టాల సంగతి మనకు ఎటూ తెలిసిందే.

ఆ నోకియా ఫోన్లలో మెసేజ్ వస్తే మోగే ఒక మోత ఉండేది. మూడు పొట్టివి, రెండు పొడుగువి, మళ్లీ మూడు పొట్టివి. టెలిగ్రాఫ్ వాళ్ల మోర్స్ లిపిలో దాన్ని చదివితే ‘ఎస్ఎంఎస్’ అని వస్తుంది. పొట్టి, పొడుగు దెబ్బలతో మాట చెప్పే పద్ధతి మన డోలు వాయించే పెద్దలకు వింతగా అనిపించదు.

2000లో వచ్చిన నోకియా 3310లో మీటలు నొక్కి సొంతంగా రింగ్‌టోన్ కట్టుకునే వీలుండేది. అయితే ఆ ఫోన్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. సినిమా పాట పల్లవి అందులో పట్టేది కానీ తుడుం పట్టేది కాదు. తుడుంలో ముఖ్యం స్వరం కాదు, దెబ్బ బరువు, తోలు మోత. నిజమైన రికార్డింగునే రింగ్‌టోన్‌గా పెట్టుకునే ఫోన్లు వచ్చాకే మన వాద్యాలకు అందులో చోటు దొరికింది. చోటు దొరికింది గానీ మనం వెళ్లి కూర్చోలేదు. మేం చూసిన ఏ ఫోన్ జాబితాలోనూ పేప్రే లేదు, కాలికోం లేదు, గుమేల లేదు.

జోడెఘాట్ పోరాటం తర్వాత, 1940లలో హైమండార్ఫ్ మన జిల్లాకు వచ్చి రాజగోండుల జీవితాన్ని రాశాడు, ఫోటోలు తీశాడు. అవి లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఫోటోలో డోలు కనిపిస్తుంది, వినిపించదు. 2024లోనే మనం ఇద్దరు పెద్దలను పోగొట్టుకున్నాం. ఒకరు మర్లవాయి గుస్సాడీ కళాకారుడు పద్మశ్రీ కనకరాజు, మరొకరు కోయ డోలి కళాకారుడు పద్మశ్రీ సకిని రామచంద్రయ్య. పురస్కారాలు అందుకున్న వాళ్లు కాబట్టి వాళ్ల వీడియోలు కొన్నయినా ఉన్నాయి. పేరు బయటికి రాని వాయిద్యగాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

అందుకే యువతకు ఈ పని చెబుతున్నాం. ఫోన్‌లోని రికార్డర్‌తో పెద్దల వాయింపు రికార్డు చేయండి. ఆరుబయట, గాలి తగలని చోట, వాద్యానికి నాలుగైదు అడుగుల దూరంలో ఫోన్ పెట్టండి. మరీ దగ్గర పెడితే దెబ్బ పగిలిపోయి వినిపిస్తుంది. తర్వాత కావలసిన ముక్క కత్తిరించుకోండి. కాల్ కోసమైతే ఇరవై ముప్పై సెకన్లు, మెసేజ్ కోసమైతే రెండు మూడు సెకన్లు చాలు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ ముక్కను ఇంటర్నల్ స్టోరేజ్‌లోని ‘రింగ్‌టోన్స్’ ఫోల్డర్‌లోనో ‘నోటిఫికేషన్స్’ ఫోల్డర్‌లోనో వేస్తే సెట్టింగ్స్‌లో సౌండ్ దగ్గర ఆ పేరు కనిపిస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో మోత కూడా పెట్టుకోవచ్చు. అమ్మకు ఒకటి, బడికి ఒకటి, ఆశా అక్కకు ఒకటి. గుట్ట ఎక్కితే గానీ సిగ్నల్ దొరకని గూడెంలో ఎవరి కాల్ వచ్చిందో చూడకుండానే తెలియడం మంచిదే కదా. ఫోన్ చిన్న స్పీకర్ తుడుం లోతు మోతను మింగేస్తుంది, పుల్ల తగిలిన చప్పుడే మిగులుతుంది. పేప్రే మాత్రం స్పష్టంగా వస్తుంది.

మా మాట ఒకటి గట్టిగా వినాలి. ఏ వాయింపు పెట్టుకోవచ్చో వాయించిన పెద్దనే అడగాలి. చావు దెబ్బను వాట్సాప్ మెసేజ్‌కు పెట్టుకుంటే బస్సులో పక్కన కూర్చున్న మన తాత గుండె అదురుతుంది. పెర్సాపేన్ పూజలో మోగేది బజారులో మోగకూడదు. అది నవ్వులాట కాదు. దండారి నాటి ఆట వాయింపులు, పెళ్లి వాయింపులు ఉన్నాయి. పెద్దలు సరేనంటే అవి తీసుకోవచ్చు.

టీచర్లు ఈ పనిని ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇవ్వవచ్చు. ఫైలుకు ‘రికార్డింగ్ 14’ అని వదిలేయకుండా వాద్యం పేరు, వాయించిన వారి పేరు, ఊరు, సందర్భం, తేదీ రాయించండి. కత్తిరించని అసలు రికార్డింగును వేరే మెమరీ కార్డులో పెట్టి, ఒక కాపీని వాయించిన పెద్ద ఇంట్లో వాళ్ల ఫోన్‌లో వేసి ఇవ్వండి.