ఓడెక్కిన తెల్లకాగితం

మద్రాసుకు అప్పట్లో రేవు లేదు. ఇసుక తీరం, దాన్ని తెరిపి లేకుండా బాదే కెరటాలు, అంతే. లండన్ నుంచి వచ్చిన కంపెనీ ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. దాని దగ్గరికి ముందుగా పోయేవాడు తెప్పవాడు. నాలుగు దుంగలు తాళ్లతో బిగించి కట్టిన తెప్ప, చేతిలో తెడ్డు, ఒంటి మీద గోచీ. నెత్తిన మాత్రం చాపతో అల్లిన మొనదేరిన టోపీ. ఓడ కెప్టెనుకి ఇవ్వాల్సిన ఉత్తరం ఆ టోపీలో ఉండేది. అల వచ్చి మనిషిని తెప్ప మీంచి విసిరేసినా ఈదుకొచ్చి మళ్లీ ఎక్కేవాడు. ఉత్తరం తడిసేది కాదు.

సరుకు దించడానికి మసూలా పడవలు వెళ్లేవి. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు, ఇనప మేకు ఒక్కటి వాడేవారు కాదు. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బలకు విచ్చిపోతుంది. కుట్టిన పడవ ఒంగుతుంది, కారుతుంది, ఎలాగో ఒడ్డు చేరుతుంది. అలా చేరిన వెండి గురించి, ఉన్నిబట్ట గురించి, మదీరా సారాయి పీపాల గురించి చరిత్రకారులు పుస్తకాలే రాశారు. వాటి పక్కనే నోరెత్తకుండా దిగిన సరుకు ఇంకొకటుంది. కాగితం రీములు, పెద్దబాతు ఈకలు, సిరా, లక్క కడ్డీలు. మన ఆఫీసుల్లో ఇప్పటికీ ‘స్టేషనరీ’ అని ఇండెంటు పెట్టేది దీనికే.

ఈస్టిండియా కంపెనీ అనగానే మిరియాలు, కలంకారీ, ఫిరంగులు గుర్తొస్తాయి. నన్నడిగితే అది ముందుగా రాతకోతల కంపెనీ. 1600లో రాణి ఇచ్చిన పత్రంతో పుట్టింది. 1611లో మన బందరులో కొట్టు తెరిచింది. దాని కొలువులో అట్టడుగు మెట్టు పేరే ‘రైటర్’. రాబర్ట్ క్లైవ్ మద్రాసుకు వచ్చింది కత్తి పట్టుకుని కాదు, ఏడాదికి 5 పౌన్ల జీతం మీద లెక్కలు రాసుకునే కుర్రాడిగా. 1743లో బయలుదేరాడు. ఓడ బ్రెజిల్ తీరంలో నేలకు తగులుకోవడంతో నెలల తరబడి అక్కడే పడి ఉండి, 1744లో గానీ చేరలేదు. రాసేవాడికే అంత ప్రయాణమైతే, రాసుకునే కాగితానికి తక్కువేం ఉంటుంది?

రాసేదాకా కంపెనీవాళ్లకు నిద్ర పట్టేది కాదు. కౌన్సిల్ కూర్చుంటే ఎవరేమన్నారో రాయాలి. ఏ నేతగాడికి ఎంత బయానా ఇచ్చారో రాయాలి. పైగా ఒక ప్రతితో సరిపోదు. ఓడ మునగొచ్చు, ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కొచ్చు. అందుకని ప్రతి ఉత్తరానికీ నకళ్లు తీసి వేరువేరు ఓడల్లో పంపేవారు. శత్రువు దగ్గరికొస్తే కాగితాల పెట్టెకు బరువు కట్టి సముద్రంలోకి తోసేయడం ఆనాటి ఓడల ఆనవాయితీ. సరుకు పోతే పోనీ, రాత మాత్రం పరాయివాడి కంట పడకూడదు.

కాగితం లెక్క మనకూ తెలిసిందే. 24 ఠావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము, అంటే 480 ఠావులు. పాత నారబట్ట పేలికలను నానబెట్టి, దంచి, జల్లెడ మీద పరిచి తీసిన కాగితం అది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే జల్లెడ తీగల గీతలు, మిల్లువాడి గుర్తు నీడలా కనిపిస్తాయి. ఈకలను వేడి ఇసుకలో గట్టిపరిచి, చిన్నకత్తితో మొన చెక్కి, చీల్చి రాసేవారు. ఎడమ రెక్క ఈకకు గిరాకీ ఎక్కువ. కుడిచేత్తో రాసేటప్పుడు దాని ఒంపు కంటికి అడ్డురాదు.

సిరా సంగతి మన వైద్యుడి మందుల పెట్టె తెరిచినట్టే ఉంటుంది. మాచికాయ, అన్నభేది, తుమ్మజిగురు. రాసేటప్పుడు పాలిపోయి ఉండి, గాలి తగిలాక నల్లబడుతుంది. పాళ్లు కుదరకపోతే వందేళ్లకు అక్షరం ఉన్నచోటల్లా కాగితాన్ని తినేస్తుంది. అక్షరమే చిల్లి అవుతుంది! ఇక లక్క. అది మన చెట్ల మీద పురుగు పెట్టిన గూడు. ఇక్కణ్ణించి ఓడెక్కి పోయి, అక్కడ రంగు కలిపి కడ్డీ కట్టించుకుని, మళ్లీ ఓడెక్కి వచ్చి, మన నేల మీదే కవర్లకు ముద్రయ్యేది. రానూపోనూ కిరాయి ఎవరి నెత్తిన పడిందో చెప్పక్కర్లేదు.

ఇక్కడ కాగితం లేక తెప్పించుకున్నారా? లేకేం. కోరుట్లలో, కోయిలకొండలో చేత్తో కాగితం తీసేవారు. కానీ ఆ కాగితం రెల్లుకలానికి పుట్టింది. గంజి పెట్టి, రాయితో రుద్ది నునుపు చేసిన దాని మీద రెల్లు జారినట్టు రాస్తుంది. మొన చీల్చిన ఈక అలా కాదు, గీరుకుంటుంది. పైగా గంజి వాసన తగిలితే పురుగు వదలదు. సీమ కాగితానికి పెట్టింది జంతువుల తోలు జిగురు. మన కరణాలకు ఈ గొడవే లేదు. మసి, చింతగింజల జిగురు పట్టించిన గుడ్డ మడతల మీద బలపంతో రాసుకునేవారు. అదే కడితం. తప్పు పడితే తుడిచేయొచ్చు. తుడిచే వీలున్న లెక్కను లండన్ ఒప్పుకుంటుందా?

తెల్లగా వచ్చిన కాగితం నల్లబడి, అవే ఓడల్లో తిరిగి పోయేది. లీడెన్‌హాల్ వీధిలోని కంపెనీ భవనంలో దాన్ని చదవడానికి ఇంకొక గుమాస్తాల దండు. వ్యాసకర్త చార్లెస్ లాంబ్ 1792 నుంచి 1825 దాకా అక్కడే లెక్కల పద్దులు రాశాడు. స్వేచ్ఛ గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా మన దేశానికి పంపే ఉత్తరాలు తయారుచేశాడు. ఒకసారి చూడనైనా చూడని దేశానికి! ఓడ దారిలో ప్రశ్నకు ఆరు నెలలు, జవాబుకు ఆరు నెలలు, మధ్యలో బల్లల మీద నానే కాలం వేరే. జవాబు వచ్చేసరికి అడిగినవాడు బదిలీ అయిపోయేవాడు, లేదా సమాధిలో ఉండేవాడు. ఆ కాగితాలు, తర్వాతి ఇండియా ఆఫీసు కాగితాలు కలిపి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో సుమారు 14 కిలోమీటర్ల అలమారాలు నింపాయి.

1869లో సూయజ్ కాలువ తెరిచాక దూరం తగ్గింది, దిగుమతి తగ్గలేదు. ఈక పోయి బర్మింగ్‌హామ్ ఉక్కు పాళీ వచ్చింది. దానికి మనవాళ్ల జవాబు రాజమండ్రి నుంచి వెళ్లింది. గాంధీ మాట మీద కోసూరి వెంకటరత్నం స్వదేశీ కలం చేసి పంపితే, బాగా రాస్తోందని 1935లో ఆయన ఉత్తరం రాశాడు. అదే దశకంలో నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్లు లేచింది. ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది.

వీటికి వందేళ్ల కిందట ఒక సరుకు మాత్రం ఎదురు దారి పట్టింది. కడపలో, బందరులో, రాజమండ్రిలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ 1830లలో సెలవు మీద లండన్ వెళ్లాడు. కంపెనీ లైబ్రరీలో చూస్తే దక్షిణాది భాషల రాతప్రతులు పడి ఉన్నాయి. పండితుడు జాన్ లేడెన్ పోగేసినవి, విప్పి చదివే నాథుడు లేనివి. పట్టుబట్టి వాటిని మద్రాసుకు పంపించాడు. రాసిన సరుకు మళ్లీ మద్రాసు దారి పట్టింది. మద్రాసుకు అప్పటికీ రేవు లేదు. ఒడ్డున మసూలా పడవలే.