పుస్తకముల బీరువా

ఇబ్రహీంపట్నమున నాకు పరిచితులైన ఒక గృహస్థులు కాలధర్మము నొందిన కొలది మాసములకు వారి మనుమడు నాయొద్దకు వచ్చి, తాతగారి పుస్తకములకు ఒక పట్టిక వ్రాసిపెట్టుమని కోరెను. ఇంటికి మరమ్మతు చేయించుచున్నారు. వానిలో ఉంచుకొనదగినవేవో, ఇచ్చివేయదగినవేవో తేల్చవలెనని వారి తలంపు. బడి విడిచిన పిమ్మట మూడు సాయంకాలములు నేనా బీరువాముందు కూర్చుంటిని. మొదటినాడే ఆ యింటి పెద్దమ్మగారు ద్వారబంధము నానుకొని నిలిచి నాతో ననిన మాట ఈ వ్యాసమునకు మూలము.

“నలపై ఏండ్లు ఈ బీరువా తుడిచిన సారూ. లోపలి పుస్తకం ఒక్కటి ఇప్పి చూడలే. తాళంచెవి ఆయన జేబుల ఉండె.”

ఆమెకు అక్షరములు రావేమో యనుకొందురు. వచ్చును. పుట్టినింట నేర్చుకొన్న చదువు మెట్టినింట పచారీ కొట్టు చీటీలకును, పెండ్లి శుభలేఖలకును మాత్రమే పనికివచ్చినది. ఆ గృహస్థులు దుర్మార్గులు కారు. ప్రతి పుస్తకమునకు అట్ట వేసి, చెదపురుగు చేరకుండ వేపాకు పెట్టి, బిడ్డలవలె కాపాడిన సహృదయులు. పుస్తకమును కాపాడుట యనగా దానిని దాచుటయే యని వారు నమ్మిరి. మన తెనుగుదేశమున పుస్తకముల చరిత్ర యంతయు ఈ నమ్మకముతోడి పెనుగులాటయే యని నాకు తోచినది.

బీరువాలో ఐదు తెగల గ్రంథము లుండెను: పద్యకావ్యములు, తత్త్వగ్రంథములు, భక్తిగ్రంథములు, స్వీయచరిత్రలు, అద్భుతకథలు. ఇవి ఒక్కొక్కటి మన యింటి గడపవఱకు ఏ త్రోవను వచ్చినవో వెదకిచూతము.

మొదట పద్యమును గూర్చి. మన యూరి పేరే ఇందులకు ప్రస్తావనగా నున్నది. ఈ పట్టణమునకు పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్షా 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ప్రభువు. రాజ్యము రాకమునుపు సుమారు ఏడేండ్లు విజయనగరమున రామరాయలయొద్ద తలదాచుకొని, తెనుగు రుచి నెఱిగిన వాడు. మన కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకిత మిచ్చెను. ఆయన కొలువులోని అమీన్‌ఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రము నంకితము చేసెను. తొలి అచ్చతెనుగు కావ్యమని పేరొందిన గ్రంథ మది. చెరువు త్రవ్వించిన కాలమే కావ్యములను వ్రాయించినది. కాని చెరువునీరు ఊరివా రెల్లరి పొలములకును పాఱినది. కావ్యము తాటియాకులపై నుండి, కొలువుకూటమును దాటి, కొందఱు పండితుల యిండ్లను మాత్రమే చేరినది. నీటికి తూము పెట్టినట్లు పుస్తకమునకు తూము పెట్టినవారు ఆనాడు లేరు.

తాటియాకుల కాలమున గ్రంథములు ఎట్లు నశించెడివో, ఎట్లు నిలిచెడివో తెలియుటకు పోతన భాగవతమే చాలును. ఆ మహాగ్రంథములోని అన్ని స్కంధములును పోతనవి కావు. పంచమస్కంధము బొప్పరాజు గంగయది. షష్ఠము ఏర్చూరి సింగనది. ఏకాదశ ద్వాదశములు వెలిగందల నారయవి. నేడు మనము భక్తితో పారాయణము చేయు భాగవతము నలువురి చేతులు కలిసి నిలిపినది. భక్తిగ్రంథము మడిబట్టలో మూటగట్టి పూజించుటవలన బ్రతుకదు; పదిమంది చదివి, చెప్పుకొని, వ్రాసికొనుటవలన బ్రతుకును.

తత్త్వగ్రంథముల గతియు నిట్టిదే. పదునైదవ శతాబ్దమున రామగిరి ప్రాంతమున మడికి సింగన యను కవి యుండెను. ఆయన వాసిష్ఠరామాయణమును తెనిగించి, రామునకు కలిగిన వైరాగ్యమును, దానికి వసిష్ఠుడు చెప్పిన సమాధానమును సంస్కృతమురాని వారికి అందించెను. ఆయనయే సకలనీతిసమ్మతమను మఱియొక గ్రంథమున పూర్వనీతిగ్రంథములనుండి పద్యముల నేరి యొకచోట చేర్చెను. ఒక మనుజుడు పెక్కు పుస్తకములను చదివి, వానిలోని మేలును ఇతరులకు పంచిపెట్టుట మనకు క్రొత్త పద్ధతి కాదనుటకు ఇది తార్కాణము. ఇక వేమన్న మాట వేఱు. ఆయన పద్యము జనుల నోట నుండెను గాని పండితుల గౌరవమునకు నోచుకొనలేదు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు వ్రాతప్రతులను సేకరించి, పాఠములను సరిచూచి, 1829లో ఆంగ్లానువాదముతో వేమన పద్యములను అచ్చొత్తించిరి. మన యింటి ముత్యమును పరుల చేతి దీపముతో చూచుకొంటిమని సిగ్గుపడుటకంటె, ఆ దీపమును మనమే పట్టుట మేలు. 1854లో మద్రాసున స్థాపింపబడిన వావిళ్లవారి ముద్రాక్షరశాల తరతరములుగా ఆ పనియే చేసినది. మా గృహస్థుని బీరువాలోని పద్యగ్రంథములలో సగము వావిళ్లవారివే.

స్వీయచరిత్రమను తెగ తెనుగునకు మిక్కిలి యాలస్యముగా వచ్చినది. తన్ను గూర్చి తాను వ్రాసికొనుట ఆత్మస్తుతి యని మనవారు జంకిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1910వ దశకమున తమ స్వీయచరిత్రమును రెండు సంపుటములుగా వెలువరించి ఆ జంకును తీర్చిరి. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిన ఆ మహనీయుడు, తన పనిలోని కష్టములను, విరోధములను తానే చెప్పుకొనుటవలన తరువాతివారికి త్రోవ తెలిసినది. 1978లో హైదరాబాదు జిల్లానుండి విడివడిన మన జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డిగారును స్వీయచరిత్ర నొకటి విడిచిపోయిరి. జిల్లా పేరును దినమునకు పదిసార్లు వ్రాయు మనలో ఆ పుస్తకమును చదివినవా రెందఱు?

ఇక అద్భుతకథలు. పెద్దలు పిల్లలను మందలించున దీ పుస్తకములను గూర్చియే. మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడను యతి యొక గొల్లపిల్లవానిని వెంటబెట్టుకొని కాశికి నడచును. త్రోవలో పిల్లవాడు వింతను చూచి ప్రశ్న వేయును. మజిలీలో గురువు దానికి కథగా బదులు చెప్పును. ప్రశ్న వేయని దినమున కథయే లేదు. ముప్పది మంది పిల్లలకు పాఠము చెప్పు నాకు ఇంతకు మించిన బోధనపద్ధతి యింతవఱకు దొరకలేదు. వీరేశలింగముగారు స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలను త్రోవగా గైకొని సత్యరాజా పూర్వదేశయాత్రలను వ్రాసిరి. అందు ఆడుమళయాళమను దేశమున స్త్రీలు అధికారము చేయుదురు. పురుషులు ఇంటిలో అణగియుందురు. మన స్త్రీలకు మనము విధించిన కట్టుబాట్లన్నియు అచ్చట పురుషులకు విధింపబడియుండును. పది యుపన్యాసములు చేయలేని పనిని ఆ తలక్రిందులైన లోకము చేయును. అద్భుతకథ అబద్ధమని త్రోసిపుచ్చువారు అద్దములో కుడి యెడమ లగుట చూచి అద్దమును పగులగొట్టువారి వంటివారు.

ఇన్ని తెగల పుస్తకములు పుట్టినను తెలంగాణమున సామాన్యుని చేతికి వచ్చుటకు మఱియొక ఉద్యమము కావలసివచ్చినది. నిజాము రాజ్యమున కార్యాలయముల భాష యుర్దూ. బడులలో తెనుగునకు చోటు స్వల్పము. 1901లో హైదరాబాదున రావిచెట్టు రంగారావు, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు మొదలగు వారు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, చరిత్రములను, శాస్త్రములను తెనుగున అచ్చొత్తింప మొదలిడెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఆ మండలి ప్రకటించినదే. 1921లో హైదరాబాదున జరిగిన యొక సభయందు తెనుగున మాటాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావుగారిని సభ్యులు ఎగతాళి చేయగా, ఆ రాత్రియే కొందఱు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దలు దాని పక్షమున ఊరూర పఠనాలయములను పెట్టించిరి.

1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిరి. నిజాము రాష్ట్రమున తెనుగు కవులే లేరని యొకరు వ్రాయగా, ఆయన వాదమునకు దిగలేదు. 1934లో 354 మంది కవుల పద్యములతో గోలకొండ కవుల సంచికను అచ్చొత్తించి చేతికిచ్చెను. పొరుగున కృష్ణాతీరమున పాతూరి నాగభూషణముగారు 1935లో పెదపాలెమునుండి కాలువవెంట పడవలో పుస్తకములను నడిపించిరి. మన తావున కాలువలు లేవు, పడవలు లేవు. వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఉండిరి. వంటపని చేసి, హోటలులో పని చేసి బ్రతుకు వెళ్లదీసిన ఆయన 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, తాను ప్రకటించిన పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. ఆ గ్రంథమాల పుస్తకము లా బీరువాలో రెండు కనబడినవి. ఒకరు నెత్తిన మోసికొని వచ్చిన దానిని వేఱొకరు తాళమువేసి దాచుట నాకు కష్టముగా తోచినది.

ఇచ్చట నొక యాక్షేపము విన్నాను. ఇన్ని విధముల పుస్తకములు చదివిన బుద్ధి చెదరును, ఒక్క సద్గ్రంథమును పట్టుకొని తరించుటయే మేలని కొందఱందురు. ఏకాగ్రత మంచిదే. కాని పద్యము మాత్రమే చదివినవాడు చెవికింపైన దెల్ల నిజమనుకొనును. తత్త్వము మాత్రమే చదివినవాడు పొరుగువాని యాకలిని మాయ యనును. భక్తిగ్రంథము మాత్రమే చదివినవాడు ప్రశ్న వేయుటను పాపమనును. స్వీయచరిత్రలు మాత్రమే చదివినవానికి ప్రసిద్ధులే మనుష్యులుగా కనబడుదురు. అద్భుతకథలు మాత్రమే చదివినవాడు ఇంటిపనిని రోయును. ఒకదాని లోపమును మఱియొకటి దిద్దును.

మఱియొక యాక్షేపము లోలోపలిది, పైకెవరును అనరు. మగవాడు చదివిన వ్యుత్పత్తి, ఆడది చదివిన పని చెడుట యనునది. భండారు అచ్చమాంబగారిని స్మరింపుడు. బాల్యమునందే వివాహమై, బడిముఖ మెఱుగని ఆమె, తన యింట నుండి చదువుకొనిన తమ్ముడు లక్ష్మణరావుతోపాటు తానును చదువు నేర్చుకొని, అబలాసచ్చరిత్రరత్నమాల యను స్త్రీల చరిత్రమును రచించెను. 1905లో ముప్పది యేండ్లు దాటిన కొలది కాలమునకే ఆమె గతించెను. ఆ తమ్ముడు పుస్తకమును మూసికొని చదివియుండినయెడల మన సారస్వతమున నెంత కొఱత పడియుండెడిది!

చదువరులారా, గ్రంథాలయము సర్కారు భిక్ష యనుకొనకుడు. చట్టముచేత మనము కట్టు ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సుంకము వసూలగుచున్నది. డబ్బు మనదే, వెళ్లి పుస్తకము నడుగు అలవాటే మనకు పోయినది. ప్రతి చదువరికి తగిన పుస్తకము, ప్రతి పుస్తకమునకు తగిన చదువరి యుండవలెనని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. ఆ కూర్పు గ్రంథాలయముననే కాదు, ఇంటనే మొదలు కావలెను.

మూడవనాటి సాయంకాలమునకు నా పట్టిక ముగిసినది. ఇచ్చివేయదగినవి యేవని మనుమ డడిగెను. చెదలు తిన్నవి నాలుగు తప్ప ఇచ్చివేయదగిన దొక్కటియు లేదంటిని. తాళపుచెవి మాత్రము ఇచ్చివేయవచ్చునంటిని. అతడు నవ్వి దానిని నాయనమ్మ చేతిలో పెట్టెను. ఆమె చాలసేపు దానిని త్రిప్పి చూచి, “నాకు కండ్లు ఆనవు బిడ్డా, ఇప్పుడు ఇస్తివి” అనెను. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయెను. ఆ యింటి పిల్ల, తొమ్మిదవ తరగతి చదువుచున్నది, సత్యరాజా యాత్రలను చేత బుచ్చుకొని, “నేను చదువుత నాయనమ్మా, నువ్వు విను” అని ఆమె ప్రక్కన కూర్చుండెను.

నేను లేచి వచ్చునప్పటికి పిల్ల ఆడుమళయాళముకడకు చేరినది. లోపలినుండి పెద్దమ్మగారి నవ్వు వీధివఱకు వినబడినది. ఆ నవ్వు ఆ యింట నలువది యేండ్లకు ముందే వినబడియుండవలసినది. మీ యింటను బీరువా యున్నచో, దాని తాళపుచెవి యెవరి జేబులో నున్నదో నేడే చూచుకొనుడు.