తూము తాళం ఎవరి చేతిలో ఉంది?



"ఇక్కడ రాసింది ఇన్‌స్టాల, ఇంకో దాంట్ల కూడా దానంతట అదే పడేటట్టు లింక్ చేయరాదే" అని చాలామంది అడుగుతున్నరు. చేయొచ్చు. కానీ ఈ లింకులు ఎట్ల పుట్టినయి, ఎవరు తెంపిన్రు అనేది తెలుసుకొని చేస్తే మంచిది. కొంచెం పొడుగైతది, ఓపికగా చదవండి.

మన గొలుసుకట్టు చెరువులు కాకతీయుల కాలం నుంచి ఉన్నవే. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువుకు నీళ్లు. అకౌంట్లు కలపడం కూడా ఇట్లాంటిదే. ఒక్కచోట రాస్తే నాలుగు చోట్ల పారాలె.

ఫేస్‌బుక్ 2004లో, ట్విట్టర్ 2006లో వచ్చినయి. కొత్తల వాటికి జనం కావాలె. అందుకని బయటి ప్రోగ్రాములు వచ్చి మన తరఫున పోస్టు పెట్టే దారి తెరిచిన్రు. దాన్నే ఏపీఐ అంటరు. 2007లో వచ్చిన ఫ్రెండ్‌ఫీడ్, మనిషి వేర్వేరు చోట్ల రాసినవన్నీ ఒక్కచోట చూపించేది. 2009లో ఫేస్‌బుక్ పేజీల పోస్టులు ట్విట్టర్‌కు పోవడం మొదలైంది. అదే ఏడు నవంబర్‌లో లింక్డ్‌ఇన్, ట్విట్టర్ చేతులు కలిపినయి.

మొదట్ల ఇట్లాంటి పనికి పాస్‌వర్డే చెప్పాల్సి వచ్చేది. ఇంటి తాళంచెవి పక్కోడికి ఇచ్చినట్టు. 2007లో ఓఆథ్ అనే పద్ధతి వచ్చినంక, పాస్‌వర్డ్ చెప్పకుండ అనుమతి ఒక్కటే ఇచ్చి, వద్దనుకుంటే వెనక్కి తీసుకునే వీలు కలిగింది.

తర్వాత తూములు మూసుడు మొదలైంది. 2012 ఏప్రిల్‌లో ఇన్‌స్టాగ్రామ్‌ను కొంటున్నట్టు ఫేస్‌బుక్ చెప్పింది. జూన్‌లో ట్వీట్లు లింక్డ్‌ఇన్‌లో పడకుండ ట్విట్టర్ ఆపేసింది. డిసెంబర్‌లో ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు ట్విట్టర్‌లో కనపడకుండ పోయి, ఉత్త లింకు మిగిలింది. ఫేస్‌బుక్ కొనుక్కున్న ఫ్రెండ్‌ఫీడ్ 2015లో మూతపడ్డది. 2018 ఆగస్టు 1 నుంచి బయటి ప్రోగ్రాములు మన సొంత ప్రొఫైల్‌లో పోస్టు పెట్టకుండ ఫేస్‌బుక్ ఆపింది, పేజీలకు మాత్రం ఉంచింది. ఉచిత ఏపీఐ ఆపేస్తున్నమని 2023లో ట్విట్టర్ ప్రకటించింది.

ఎందుకిట్ల? వాళ్ల ఆదాయం ప్రకటనల మీద. మనం ఎంతసేపు వాళ్ల దగ్గర చూస్తే అన్ని పైసలు. చూసేటోడిని పక్క చెరువుకు పంపితే వాళ్లకేం లాభం? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడుమ కాలువ ఇప్పటికీ పారుతున్నదంటే, రెండూ ఒక్క యజమానివే కాబట్టి.

ఒక్కోసారి చెరువే పోతది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. పల్లెల్లో దాని మీదనే పేరు తెచ్చుకున్నోళ్లు ఎంతమందో. యూట్యూబ్‌లో కూడా చూసేటోళ్లను సంపాదించుకున్నోళ్లు నిలబడ్డరు. మిగిలినోళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంకో దారి కూడా ఉన్నది. ఒక కంపెనీ సిమ్ నుంచి ఇంకో కంపెనీ సిమ్‌కు ఫోన్ కలుస్తది కదా. సోషల్ మీడియా కూడా అట్లనే ఉండాలని 2018లో యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రమాణంగా ఒప్పుకున్నరు. మాస్టోడాన్ దాని మీదనే నడుస్తది. కానీ మన ఊర్లల్ల దాన్ని వాడేటోళ్లు అరుదు.

ఇగ మన సంగతి. లింక్ చేసుకోండి, కానీ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి, లింకు తెగితే ఎవరూ డప్పు కొట్టి చెప్పరు. పోస్టు పెట్టినంక రెండో చోట పడ్డదో లేదో చూడాలె.

రెండు, ఇది అన్నిటికంటే ముఖ్యం. నీళ్లు పారినట్టు దిద్దుబాటు పారదు. మందు మోతాదు తప్పు పడి ఒక్కచోట సరిచేస్తే, మిగతా చోట్ల తప్పే ఉండొచ్చు. అది చదివి ఎవరన్న పంట మీద కొడితే? అన్ని చోట్లకు పోయి చేత్తో దిద్దాలె.

మూడు, ఏ యాప్‌కు అనుమతి ఇచ్చినమో సెట్టింగ్స్‌లో అప్పుడప్పుడు చూసి, వాడనివి తీసేయండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

నాలుగు, అసలు వీడియో, అసలు రాత మన దగ్గర దాచుకోవాలె. అమ్మే ముందు విత్తనానికి కొంత తీసిపెడతం కదా, అట్ల.

మీ పాత వీడియోలు, ముఖ్యంగా పురుగు, తెగుళ్ల మీద తీసినవి, ఈ వారమే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఎట్ల వేయాలో తెలియకపోతే కామెంట్‌లో అడగండి, చెప్తా.