కాళ్ళున్న మట్టితొట్టి ఎందుకు?

మన రొంపిచెర్ల పొలాలలో నాగలికి ఎప్పుడైనా వింత మట్టిపాత్ర తగిలినచో, దానిని గట్టుమీదికి విసిరివేయక ముందు ఈ సంగతి తలంచుకొనవలెనని సంఘస్థులకు నా మనవి.

1887లో మద్రాసు దగ్గర పల్లావరం గుట్టమీద పురావస్తు పరిశోధకులు అలెగ్జాండర్ రీ గారికి పొడవాటి మట్టితొట్టి ఒకటి దొరికినది. దాని అడుగున వరుసగా పొట్టి కాళ్ళున్నవి. ఆకారమును మాత్రమే చూచినచో పశువుల కుడితితొట్టి అని భ్రమపడవచ్చును. కాని ఇట్టి తొట్లలో మనుష్యుల ఎముకలు, వాటితోపాటు నలుపు ఎరుపు రంగుల కుండలు, ఇనుప పనిముట్లు దొరకుటచేత ఇవి ఇనుపయుగపు శవపేటికలని తేలినది. కడప జిల్లా శంకవరంలో పొట్టేలు ఆకారముగల పేటిక దొరికినది. అది చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఉన్నది.

మన పల్నాటిలోనే, నాగార్జునసాగర్ నీటిలో మునుగకముందు, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయలో జరిగిన త్రవ్వకాలలో ఆ యుగపు రాతివలయాల సమాధులు బయటపడినవి.

పాత్ర ఎందుకు చేసినదో దాని ఆకారముకంటె అది ఉన్న చోటు, దానిలోను ప్రక్కనను ఉన్న వస్తువులే చెప్పును. కడిగి ఇంటికి తెచ్చుకొన్నచో ఆ సాక్ష్యము పోవును. కనుక లోపలి మట్టిని కదపక, తహశీల్దారుగారికి గాని పురావస్తు శాఖవారికి గాని తెలియజేయుట మేలు.

మనవారి సమాధులకు సున్నము వేసి పూలుంచు మనము, పేరు తెలియని పూర్వికుల సమాధిని గడ్డపారతో పగులగొట్టుట తగునా?