‘మీకు ఎండ అలవాటేగా’

గత రెండు భాగాల్లో కూలి గురించి రాశాను. ఈసారి చెమట గురించి.

మే నెలలో మా డిగ్రీ పిల్లవాడొకడు ఫోన్ చేశాడు. వాళ్లమ్మ ఉపాధి హామీ పనిలో చెరువు మట్టి తవ్వుతూ పదకొండింటికల్లా పడిపోయింది. వడదెబ్బ. ఎలాగో బతికింది. వాణ్ణి నిద్రపోనివ్వనిది ఇంకొకటి. అంతకు ముందురోజు నీడకి టెంటు వెయ్యమని ఆడవాళ్లు అడిగితే, పని పెట్టించే మనిషి, “మీ వాడోళ్లకి ఎండేమన్నా కొత్తా? అలవాటేగా” అన్నాడట. “సార్, మన ఒళ్లు నిజంగానే వేరా?” అని అడిగాడు వాడు.

నేను చదివింది తెలుగు సాహిత్యం. శరీరశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దారి దక్షిణాఫ్రికా బంగారు గనుల దాకా తీసుకెళ్లింది.

1886లో జోహాన్నెస్‌బర్గ్ దగ్గర బంగారం బయటపడింది. లోతుకు పోయేకొద్దీ రాయి వేడెక్కుతుంది. మొజాంబిక్ నుంచి, బసుటోలాండ్ నుంచి తెచ్చిన నల్ల కూలీలు ఆ లోతుల్లో రాయి తవ్వి ఎత్తిపోసేవాళ్లు. దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ వస్తుందని గనుల్లో నీళ్లు చల్లడం మొదలుపెట్టారు. దాంతో దుమ్ము అణిగింది, గాలి తడిసింది. తడిసిన గాలిలో చెమట ఆరదు.

ఇక్కడ కాస్త ఆగాలి. మనం పలుగు ఎత్తినప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు పైగా వేడిగానే మారుతుంది. ఆ వేడిని గుండె రక్తంతో పాటు చర్మానికి తోలుతుంది. అక్కడ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. కారితే చాలదు, ఆరాలి. పనిచేసే కండరానికీ రక్తం కావాలి, చల్లబడే చర్మానికీ కావాలి. చెమటలో నీళ్లు పోయి రక్తం తగ్గేకొద్దీ గుండె పరుగెత్తుతుంది. లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మనిషి తికమక మాటలు మాట్లాడుతున్నాడంటే అది అలసట కాదు, ప్రాణం మీదికి వచ్చినట్టు.

1924లో ఆ గనుల్లో వడదెబ్బ చావులు మొదలయ్యాయి. అప్పుడు యజమానులకు సైన్సు గుర్తొచ్చింది. 1930లలో సిటీ డీప్ గని డాక్టర్ డ్రియోస్టి కొత్త కూలీలను వేడి గదిలో పెట్టి, గంటసేపు పారతో రాళ్లు ఎత్తించి, ఒంటి వేడి ఎంత పెరిగిందో కొలిచాడు. దాన్నిబట్టి ఎవరికి ఎన్నాళ్లు అలవాటు చేయించాలో విడగొట్టారు. మనుషుల్ని ఎడ్లలా తూచారు అనిపిస్తుంది నాకు. దయతో చేసిన పని కాదది, చచ్చినవాడు రాయి ఎత్తడు గనక చేసిన పని.

కానీ ఆ లెక్కలే వాళ్ల నమ్మకాన్ని తినేశాయి. నల్ల ఒళ్లు పుట్టుకతోనే వేడి తట్టుకుంటే, గనికి పంపేముందు ఇన్ని రోజుల తర్ఫీదు ఎందుకు? తర్వాత సిరిల్ వింధమ్ తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ ఒకే వేడిలో పనిచేయించి చూస్తే, అలవాటు పడ్డాక ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు.

అలవాటు అబద్ధం కాదు, మిత్రులారా. వారం నుంచి రెండు వారాలు వేడిలో పనిచేస్తే ఎవరి ఒంట్లోనైనా రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె నెమ్మదిస్తుంది. అది కులంలో ఉండదు, రంగులో ఉండదు. రెండు మూడు వారాలు పని మానేస్తే చాలావరకు పోతుంది కూడా. ఇంకో సంగతి, ఆ టెంటు వెయ్యనివాడికి చెప్పాల్సింది: అలవాటైన ఒళ్లు చెమట ఎక్కువ పోస్తుంది. అంటే దానికి నీళ్లు ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

2015 వేసవిలో ఎండలకు దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. ఎండ మనకు అలవాటు లేకనా?

ఇదంతా పిల్లవాడికి చెప్పాను. మూడు వారాలు మంచంలో ఉన్న అమ్మ మళ్లీ పనికి బయల్దేరుతోందన్నాడు. ఆమె ఒంటికి అది మళ్లీ మొదటిరోజే, మొదటి నాలుగైదు రోజులు సగం పనే చెయ్యమను, దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగమను అన్నాను.

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, “కొలతలేసి డబ్బులిస్తారు సార్. సగం పని చేస్తే సగం కూలే” అన్నాడు.