గ్రంథపాలకుని జీవనోపాధి: చెన్నపురి నేర్పిన పాఠము

గ్రంథాలయశాస్త్రము చదువుచున్న మన పిల్లలు సంఘసభలయందు కలిసినప్పుడు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. "ఈ చదువు ముగించినచో ఉద్యోగము దొరకునా? దొరకుటకు ఎవరిని ఆశ్రయింపవలెను?" ఇది చిన్న ప్రశ్న కాదు. తలిదండ్రులు అప్పుచేసి చదివించిన పిల్లల నోట వచ్చు ప్రశ్న. పత్రికలలోని ప్రకటనలను చూచి దీనికి సమాధానము చెప్పవచ్చును. మేము మాత్రము చరిత్రను చూచి చెప్పదలచితిమి. ఏలయన దక్షిణదేశమున గ్రంథపాలకత్వము ఒక వృత్తిగా రూపొందినది మనమున్న యీ చెన్నపురియందే. అది యెట్లు రూపొందినదో తెలిసినచో, ఆశ్రయింపదగినవారెవరో మన పిల్లలకు తామే తెలిసికొనగలరు.

గ్రంథాలయోద్యమమున ఆంధ్రులు ఎవరికిని వెనుకబడినవారు కారు. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథాలయముల ప్రతినిధులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ సంఘమునకు ప్రాణము అయ్యంకి వెంకటరమణయ్యగారు. వారు 'గ్రంథాలయ సర్వస్వము' అను పత్రికను నడిపి, ఊరూర తిరిగి గ్రంథాలయములను మేలుకొల్పిరి. 1919 నవంబరులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ చెన్నపురిలో జరుగుటకును వారి పూనికయే ముఖ్యకారణము. బరోడా సంస్థానమున గ్రంథాలయములను నిర్వహించుచుండిన కుడాల్కరుగారు ఆ సభకు అధ్యక్షత వహించిరి. 1920లో ఆంధ్ర సంఘము బెజవాడయందు కార్యకర్తలకు శిక్షణ తరగతులను నడిపెను. 1935లో పాతూరి నాగభూషణముగారు పడవపై పుస్తకములనుంచి, కృష్ణ కాలువవెంట పల్లెలకు చేర్చిరి. ఇవన్నియు మనము గర్వింపదగిన సంగతులు.

అయినను ఈ మహోద్యమమునకు ఒక లోటుండెను. అది సేవను నేర్పెను కాని సేవకునికి అన్నము చూపలేకపోయెను. పల్లె గ్రంథాలయములు చందాలపై నడచినవి. బడిపంతులో, ఉత్సాహియైన యువకుడో సాయంకాలము తలుపు తీసి, దీపము పెట్టి, పుస్తకములిచ్చి పుచ్చుకొనుచుండెను. పంతులుకు బదిలీ అయిననాడు, యువకుడు ఉద్యోగార్థియై పట్టణమునకు పోయిననాడు ఆ తలుపునకు తాళము పడుచుండెను. పుస్తకములు మిగిలెను, పాలకుడు మిగులలేదు. త్యాగముపై ఆధారపడిన సంస్థ ఒక తరము నిలుచును, రెండవతరము నిలుచుట దుర్లభము. ఈ లోటు తీరుటకు మార్గము చెన్నపురిలో మరియొక దిక్కునుండి వచ్చెను.

1924లో మద్రాసు విశ్వవిద్యాలయము తన గ్రంథాలయమునకు మొదటి గ్రంథపాలకునిగా షియాళి రామామృత రంగనాథనుగారిని నియమించెను. ఆయన తమిళుడు, ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయుడు. గ్రంథాలయమును గూర్చి ఆయనకును అంతకుముందు పరిచయము లేదు. విద్యార్థుల సందడికి అలవాటుపడినవాడగుటచే ఆ గదులలోని యేకాంతమును భరింపలేక, మరల కళాశాలకు పోవ యత్నించెనని ప్రసిద్ధి. ఇంగ్లండు వెళ్లి శిక్షణ పొంది వచ్చిన పిదప కూడ మనసు మారనిచో తిరిగి రావచ్చునని పెద్దలు చెప్పి పంపిరి. లండను యూనివర్సిటీ కాలేజీలో చదువుచు, బెర్విక్ సేయర్సుగారి మార్గదర్శకత్వమున అనేక గ్రంథాలయములను చూచి, ఆయన 1925లో తిరిగివచ్చెను. మనసు పూర్తిగా మారినది.

అక్కడ ఆయన చూచినది గ్రంథముల అమరిక మాత్రమే కాదు. ఆ దేశమున 1877 నుండియు గ్రంథపాలకులకు ఒక సంఘము కలదు. పుస్తకములు కాచువాడు అక్కడ ఒంటరి కాడు. చెన్నపురికి వచ్చిన పిదప ఆయన తన గ్రంథాలయమును చక్కదిద్దుటతో తృప్తి పడక, అట్టి సంఘమునకై పాటుపడెను. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘము వెలసెను. రంగనాథనుగారు దానికి కార్యదర్శులై, 1945లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోవువరకును ఆ భారమును మోసిరి.

ఇక మా విషయమునకు ముఖ్యమైన సంగతిని చెప్పెదము. ఈ నగరమున గ్రంథాలయశాస్త్రమును మొదట నేర్పినది విశ్వవిద్యాలయము కాదు, ఈ సంఘమే. 1929లో సంఘమువారు వేసవి శిక్షణాలయమును తెరచిరి. అది నిలదొక్కుకొనుట చూచి, 1931లో విశ్వవిద్యాలయము దానిని స్వీకరించెను. 1937లో అది పట్టభద్రుల కొరకు ఒక సంవత్సరపు డిప్లొమాగా మారెను. పాఠ్యగ్రంథములు కూడ సంఘపు ప్రచురణలుగానే వెలువడినవి: 1931లో పంచసూత్ర గ్రంథము, 1933లో కోలన్ వర్గీకరణము, 1934లో గ్రంథసూచీ నియమావళి. మొదట సంఘము, పిదప పాఠశాల, ఆ పిదప పట్టము అను వరుసను మన విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. నేడు వారు పట్టము పుచ్చుకొని, సంఘమున్నదన్న సంగతియే యెరుగక, ఉద్యోగమును వెదకుచున్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కూడ ఈ శాస్త్రమున శిక్షణ ప్రారంభించుటతో తెలుగువారికి వాల్తేరున మరియొక ద్వారము తెరచుకొనెను.

శిక్షణ యున్నంత మాత్రమున జీతము వచ్చునా? రాదు. జీతమునకు నిధి వలెను, నిధికి చట్టము వలెను. 1930లో కాశీలో జరిగిన ఆసియాఖండ విద్యామహాసభయందు రంగనాథనుగారు గ్రంథాలయ చట్టమునకు ఒక నమూనా సమర్పించిరి. ఆ తలపు శాసనమగుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. 1948లో, అవినాశిలింగం చెట్టియారుగారు విద్యామంత్రిగా నుండగా, మద్రాసు పౌరగ్రంథాలయ చట్టము ఆమోదము పొందెను. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది. దీని సారము సులభము. ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయపన్ను వసూలగును. ఆ పన్నుతో స్థానిక గ్రంథాలయ సంస్థలు నడచును. చందాయిచ్చు దాత మనసు మారినను గ్రంథాలయము మూతపడదు. దీపము పెట్టువాడు నెలజీతము గల ఉద్యోగి యగును.

ఆనాడు ఆంధ్రజిల్లాలు మద్రాసు రాష్ట్రమున నుండుటచే ఈ చట్టము మనవారికిని వర్తించెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదపకూడ అది ఆ జిల్లాలలో నిలిచెను. హైదరాబాదు రాష్ట్రమున 1955లో వేరొక చట్టము వచ్చెను. ఈ రెండింటి స్థానమున 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ చట్టము వెలసెను. నేడు మన జిల్లా గ్రంథాలయ సంస్థలలో పనిచేయు ప్రతి గ్రంథపాలకుని జీతమునకును మూలము వెదకినచో, ఒకవైపు అయ్యంకివారి పాదయాత్రలు, మరియొకవైపు చెన్నపురి సంఘపు పట్టుదల కానవచ్చును. ఒకటి ప్రజలలో కోరికను పుట్టించెను, మరియొకటి ఆ కోరికకు శాస్త్రమును, శాసనమును సమకూర్చెను.

కళాశాలల గ్రంథపాలకుల కథయు ఇట్టిదే. 1957లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము రంగనాథనుగారి అధ్యక్షతను నియమించిన ఉపసంఘము, గ్రంథపాలకులకు అధ్యాపకులతో సమానమైన హోదాయు వేతనమును ఉండవలెనని సిఫారసు చేసెను. ఆ కాలముననే ఆయన తాను కూడబెట్టిన లక్షరూపాయలను, గ్రంథాలయశాస్త్రమున ఆచార్యపదవికై, తన భార్య శారదగారి పేర మద్రాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. తనకు జీవిక నిచ్చిన వృత్తికి ఆయన తిరిగి యిచ్చిన కానుక యది.

నేటి స్థితి యేమి? పని మారినది. పట్టికల చీట్లు పోయి కంప్యూటరు వచ్చినది. 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములను కలుపబూనెను. చెన్నపురి గ్రంథాలయములను కలుపుటకు 1993లో మాలిబ్‌నెట్ ఏర్పడెను. ఒక గ్రంథాలయము తనకు తానే చాలదు, ఇరుగుపొరుగుతో చేయి కలుపవలెనను సూత్రమునకు యంత్రరూపమే యిది. గ్రంథములకు తగిన సూత్రము గ్రంథపాలకులకు తగదా?

తెలుగు చదువగల విద్యార్థికి ఈ నగరమున ప్రత్యేకమైన పని కలదు. 1869 నాటి ప్రభుత్వ ప్రాచ్య లిఖితపుస్తక భాండాగారమున మెకంజీ, బ్రౌను దొరల సేకరణలతోపాటు తెలుగు తాళపత్రములు అనేకము కలవు. 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయమునకు, 1954 నాటి చట్టముననుసరించి, దేశమున అచ్చగు ప్రతిగ్రంథము ఒక ప్రతి చేరవలెను. తెలుగు పుస్తకములును అందులోనివే. వావిళ్లవారి ముద్రణములును, 'ఆంధ్రపత్రిక', 'భారతి' సంపుటములును ఈ యూరనుండి వెలువడినవి. ఇట్టివానికి సూచికలు వ్రాయుటకును, ఛాయాప్రతులెత్తి కంప్యూటరున భద్రపరచుటకును శాస్త్రముతోపాటు భాష తెలిసినవారు వలెను. శాస్త్రము తెలిసినవారు పలువురు, తెలుగు తెలిసినవారు పలువురు, రెండును తెలిసినవారు కొందరే. ఆ కొందరిలో నొకరగుట మన పిల్లలకు మేలు.

కాని మేము తియ్యని మాటలు మాత్రమే చెప్పి విడువజాలము. పౌరగ్రంథాలయములలో విరమించినవారి స్థానములు ఏండ్ల తరబడి పూరింపబడుట లేదను మొర తెలుగునాట తరచు వినబడుచున్నది. పన్ను వసూలగుచుండగా పాలకుడు లేకుండుట చట్టపు ఉద్దేశమునకే విరుద్ధము. దీనిని ఒంటరి విద్యార్థి అడిగిన వినువారుండరు. సంఘము అడిగిన వినక తప్పదు. 1930 మొదలు 1948 వరకు విసుగక అడిగినవారి చరిత్ర మనకు చెప్పునది యిదియే.

కావున పిల్లల ప్రశ్నకు మా సమాధానమిది. ఆశ్రయింపవలసినది సిఫారసు చేయు పెద్దమనిషిని కాదు, తోటివారి సంఘమును. చదువుచుండగనే అందు చేరుడు. సభలకు పోయి, పనిచేయుచున్న గ్రంథపాలకులతో పరిచయము చేసికొనుడు. వారి గ్రంథాలయములకు పోయి పని చూడుడు. ఖాళీల వార్తయు, క్రొత్త విద్యలును మొదట తెలియునది అక్కడనే.

పెద్దలమైన మాకును ఇందు కర్తవ్యము కలదు. ఈ నగరపు తెలుగు సంఘములయందు తాళమువేసిన పుస్తకపు బీరువాలు ఎన్నియో కలవు. ఏటేట ఒక విద్యార్థినైన పిలిచి వానికి సూచిక వ్రాయింతము. అయితే ఉచితముగా కాదు, జీతమిచ్చి. ఉచితసేవపై నిలిచిన గ్రంథాలయముల గతి యేమైనదో పైన చెప్పియే యుంటిమి.